పద్నాలుగో నంబరు నీళ్లగిన్నె

3, సోమవారం

బొగ్గుగాడి నీళ్లగిన్నె తీసేశారు.

ఎవరు తీసేశారో కూడా రాసుకోవాలి, లేకపోతే రేపు నాకే అనుమానం వస్తుంది. తీసేయమన్నది డాక్టరు. తీసింది నేను.

బోర్డు మీద సుద్దముక్కతో రాసి పోయాడు: "14 – సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా నీళ్లు బంద్. చెడ్డ అలవాటు." సోమవారం, గురువారం వస్తాడు. ముప్పై కాపలా కుక్కల్ని గంటలో చూసి పోతాడు. బొగ్గుగాడి పద్నాలుగో గది ముందు ఆగింది ఎంతసేపు? నేను చీపురు రెండుసార్లు విదిలించేంత.

ఎవరో ఫిర్యాదుల పుస్తకంలో రాశారట, పద్నాలుగో గది రోజుకి నాలుగుసార్లు కడగాల్సి వస్తోందని. రాసేవాళ్లకేం, రాస్తారు.

మీసాల మాస్టారు నవ్వుతున్నాడు. కుక్కలకి శిక్షణ ఇచ్చేది ఆయనే, కాబట్టి వాటి మనసులో ఏముందో అన్నీ తనకే తెలుసంటాడు. "అమ్మాయ్, వాడు తడిపేది నీ మీద కోపంతో. నువ్వు వాడికి బొగ్గు అని పేరు పెట్టావు కదా, పగబట్టాడు."

"నల్లగా ఉన్నాడని పెట్టాను మాస్టారూ. మిమ్మల్ని మీసాలంటున్నాం, మీరేం తడపట్లేదు కదా."

ఆయన నవ్వాపేశాడు. నా నోరే నా శత్రువు.

ఇరవయ్యో తేదీకి గోడౌన్ వాళ్లు వాణ్ని తీసుకెళ్లాలి. నేల తడిపే కుక్క మాకొద్దన్నారట. వద్దంటే ఇంకెవరూ తీసుకోరు. ఎవరూ తీసుకోని కుక్కని ఇక్కడ ఏం చేస్తారో బోర్డు మీద రాయరు. ఇంజెక్షను ఒకటే.

సోమవారం కదా, గదుల పుస్తకం వారం మొత్తానికీ నింపేశాను. పది నిమిషాల పని. నాకు కుక్కలంటే ప్రేమేమీ లేదు. ఉద్యోగం.

4, మంగళవారం

రాత్రంతా గిన్నె లేదు. పొద్దున్న వెళ్లేసరికి పద్నాలుగు మళ్లీ తడిసే ఉంది. నీళ్లు లేకుండా ఎక్కణ్నుంచి వస్తోంది?

5, బుధవారం

నిన్నటి ప్రశ్న వదల్లేదు. అన్నం తింటూ అడిగాను.

అక్క అంది: "తినేటప్పుడు ఆ మాటలేంటే."

బావ మందుల షాపులో పనిచేస్తాడు, అన్ని రోగాలూ తనకి తెలుసనుకుంటాడు. ఇంట్లో కూడా మీసాల మాస్టారు ఒకడు. "షుగరేమో. దాహం, ఒంటేలు, రెండూ ఎక్కువైతే షుగరే."

"కుక్కలకి షుగరొస్తుందా?"

"మరదళ్లకి కోపం రాగా లేంది, కుక్కలకి షుగరు రాదా?"

స్టోర్‌రూమ్‌లో కుక్కల తిండి బస్తాల కింద ఒక లావు పుస్తకం దొరికి ఏడాదైంది. అట్ట లేదు. పశువైద్యం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలెవరో వదిలేసి పోయారు. అప్పట్నుంచీ నాదే. పదో తరగతితో ఆపించేశారు కదా నన్ను, అందుకని ఈ పుస్తకం మీద నాకొక పంతం. ముందు అర్థం కాదు. నాలుగోసారికి కాస్త తెలుస్తుంది. పదోసారికి రాసినవాడి మీద కోపమొస్తుంది, ఇంత చిన్న సంగతిని ఇంత తిప్పి చెప్పాడేమిటని.

ఇవాళ మూత్రపిండాల అధ్యాయం తీశాను. షుగరైతే ఒంటేల్లో చక్కెర పోతుంది, చక్కెర తనతో నీళ్లని లాక్కుపోతుంది. సరే. కానీ చక్కెర లేకుండా కూడా ఇలా అయ్యే జబ్బొకటి ఉందట. దాని కోసం మెదడు అధ్యాయం చూడమన్నాడు. ఒంటేలు గురించి అడిగితే తలకాయ చూడమంటాడేమిటి వీడు?

రేపు చూస్తాను. కళ్లు మూతపడుతున్నాయి.

6, గురువారం

బొగ్గుగాడు పడిపోయాడు.

పొద్దున్న ఆరుకి నేను తాళం తీసేసరికి గోడ నాకుతున్నాడు. గోడ. నిన్న కడిగిన తడి ఏదైనా మిగిలిందేమోనని ఇటుకల సందులు నాకుతున్నాడు. నన్ను చూసి లేవబోయి వెనక కాళ్లు మడతపడి కూలబడ్డాడు. చిగుళ్లు ముట్టుకుంటే వేలికి అతుక్కుంటున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. మెడ మీద తోలు పట్టుకుని వదిలితే అలాగే నిలబడిపోయింది, దుప్పటి మడతలాగ.

బకెట్ తెచ్చి పెట్టబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, బాగా ఎండిపోయిన జంతువుకి ఒక్కసారిగా నీళ్లు పొయ్యకూడదని పుస్తకంలో ఉంది. మగ్గుతో కొంచెం, ఆగి ఇంకొంచెం. వాడు మగ్గు అంచు కొరుకుతున్నాడు. నేను లాక్కుంటున్నాను. వాడు నా వంక చూసిన చూపు... రాయను.

మగ్గు చేతిలో ఉండగానే మేనేజరు వచ్చాడు.

"బోర్డు చదవడం రాదా నీకు?"

"ఆరు దాటింది సార్. బంద్ అయిపోయింది."

"నా వాచీలో ఐదు నిమిషాలు తక్కువుంది."

ఒక కుక్క చచ్చిపోతుంటే వాచీ చూసుకునే మనిషిని మొదటిసారి చూశాను. నాకు మెమో ఇచ్చాడు. "ఆదేశాల ఉల్లంఘన." సంతకం పెట్టాను. కాగితం చిరిగేలా పెట్టాను.

డాక్టరు పదకొండుకొచ్చి సెలైన్ ఎక్కించాడు. వేడి తగిలింది అన్నాడు. షెడ్డులో మిగతా ఇరవై తొమ్మిదింటికీ తగలని వేడి వీడొక్కడికే తగిలిందా? పగలు నీళ్లు పెట్టమన్నాడు. రాత్రి బంద్ అలాగే ఉంచాడు.

రాత్రిళ్లు కాపలా ఉండే గేటు తాత నిన్న సెలవు. ఆయన బదులు వచ్చినవాడు రాత్రంతా కుక్క మూలుగుతూనే ఉందన్నాడు. "మరి చూడలేదా?" అంటే, "నాకు గేటు అప్పజెప్పారు, కుక్కని అప్పజెప్పలేదు" అన్నాడు. ఇవాళ సాయంత్రం డ్యూటీకొచ్చిన తాత విషయం విని, తల మీద తుండుగుడ్డ తీసి అలా నిలబడిపోయాడు. "నేను లేని ఒక్క రోజేనా" అన్నాడు. ముసలితనం, అన్నీ తన వల్లే అనుకుంటాడు.

7, శుక్రవారం

నాకు కుక్కలంటే ప్రేమేమీ లేదు.

9, ఆదివారం

సెలవు. అక్కావాళ్లు బయటికెళ్లారు. మెదడు అధ్యాయం పొద్దున్నుంచి చదివాను. నా మాటల్లో రాసుకుంటాను, అప్పుడే అది నాదవుతుంది.

ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో ఉప్పు శాతం పెరుగుతుంది. మరీ ఎక్కువ కాదు, నూటికి ఒకటో రెండో. ఆ మాత్రానికే మెదడు అడుగున కొన్ని కణాలు ముడుచుకుంటాయి. ఎండిన చిక్కుడు గింజ ముడుచుకున్నట్టు అనుకుంటున్నాను. ముడుచుకోగానే అరుస్తాయి. ఆ అరుపుకి రెండు పనులు జరుగుతాయి. ఒకటి, "నీళ్లు వెతుకు" అని దాహం పుడుతుంది. రెండు, మెదడు కింద వేలాడే బఠాణీ గింజంత గ్రంథి నుంచి ఒక హార్మోను రక్తంలోకి దిగుతుంది. పేరు వాసోప్రెసిన్. అది తిన్నగా మూత్రపిండాల దగ్గరికి పోయి, "పైన కరువుగా ఉంది, నీళ్లు పారబొయ్యకండి, వెనక్కి పంపండి" అని చెప్తుంది. అందుకే దాహంగా ఉన్నప్పుడు ఒంటేలు పచ్చగా, చిక్కగా, కొంచెమే వస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. రక్తమే తగ్గిపోతే, దెబ్బ తగిలి కారిపోయినా, విరేచనాలైనా, మూత్రపిండాలే ఒక గొలుసు మొదలుపెడతాయి. దాని చివర యాంజియోటెన్సిన్ అనే హార్మోను మెదడుకెక్కి "తాగు, తాగు" అంటుంది. అంటే కబురు పైనుంచి కిందకీ పోతుంది, కిందనుంచి పైకీ వస్తుంది. మా మేనేజరు ఆఫీసులో పైనుంచి కిందకి ఒక్కటే. మెమో.

నాకు బాగా నచ్చిందొకటుంది. కుక్క గటగటా తాగి ఆగిపోయేసరికి ఆ నీళ్లింకా రక్తంలో కలవవట. దానికి ఇంకా సమయం పడుతుంది. మరి చాలని ఎలా తెలుస్తుంది? ఎంత మింగామో నోరూ గొంతూ మెదడుకి ముందే చెప్పేస్తాయట. మెదడు ఆ మాట నమ్మి తాత్కాలికంగా దాహం ఆపేస్తుంది. తర్వాత రక్తం వచ్చి అవునో కాదో చెప్తుంది. అది కూడా సరిచూసుకుంటుంది. మనుషులే సరిచూసుకోరు.

ఇక అసలు సంగతి. ఆ గ్రంథికో, దాని పైనున్న చోటుకో దెబ్బ తగిలితే వాసోప్రెసిన్ రాదు. కబురందని మూత్రపిండాలు నీళ్లన్నీ వదిలేస్తూనే ఉంటాయి. కుండకి చిల్లి. ఆ చిల్లిని పూడ్చలేక, జంతువు పైనుంచి పోసుకుంటూనే ఉంటుంది. పోసుకోవడం ఆపితే? ఎండిపోతుంది. గోడ నాకుతుంది.

అంటే వాడు ఎక్కువ తాగుతున్నాడు కాబట్టి తడపడం లేదు. తడపక తప్పడం లేదు కాబట్టి తాగుతున్నాడు. దాహం వాడి జబ్బు కాదు. వాడి తలకాయలో ఇప్పటికీ సరిగ్గా పనిచేస్తున్నది ఆ దాహం ఒక్కటే. మేం దాన్నే బంద్ పెట్టాం.

పుస్తకం మూసేసి కిటికీ దగ్గర కూర్చున్నాను.

దెబ్బ. రెండు నెలల కిందట మాస్టారు తొందరలో ఇనుప గేటు తోస్తే బొగ్గుగాడి తలకి తగిలింది. "ఖంగు" మంది. వాడు కాసేపు తూలాడు. మాస్టారు చుట్టూ చూశాడు. నేనున్నాను. "దెబ్బ కాదమ్మాయ్, తాకిందంతే" అన్నాడు. నేనూ తాకిందనే అనుకున్నాను. అనుకోవడం తేలిక.

ఇంకో సంగతి. 3వ తేదీన "ఎవరో" ఫిర్యాదు రాశారని రాశాను చూడు. ఆ ఎవరో నేనే. నడుం విరుగుతోంది, రోజుకి నాలుగుసార్లు కడగలేక రాశాను. "పద్నాలుగో నంబరుకి క్రమశిక్షణ లేదు" అని కూడా రాశాను. నా డైరీలో నాకే అబద్ధం చెప్పుకున్నాను. ఎవరు చదువుతారని?

అయినా నేను రాసింది కడగడం గురించి. నీళ్లు తీసెయ్యమని నేను రాయలేదు. తప్పు డాక్టరుదే.

10, సోమవారం

పొద్దున్నే వెళ్లి గదుల పుస్తకం నింపేసి, డాక్టరు కోసం గేటు దగ్గరే నిలబడ్డాను.

"డాక్టర్ గారూ, పద్నాలుగు గురించి ఒక్క మాట."

"ఒక్కటేనా?"

"వాడిది అలవాటు కాదండీ. వాసోప్రెసిన్ తక్కువేమో."

ఆగాడు. ఆగినందుకు సంతోషించాను. నా మొహం చూసి నవ్వాడు. "ఎక్కడ చదివావమ్మా ఆ మాట?"

"పుస్తకంలో."

"ఈ మధ్య అందరూ పుస్తకాల్లో చదివేస్తున్నారు. మేం ఐదేళ్లు ఎందుకు చదివామో మాకే తెలీట్లేదు."

"తల దెబ్బ వల్ల కూడా వస్తుందని..."

"తల దెబ్బా? ఎప్పుడు?"

మీసాల మాస్టారు నా వెనకే ఉన్నాడు. "దెబ్బేం లేదు డాక్టర్ గారూ. రికార్డు చూసుకోండి, ఏమైనా ఉందేమో."

డాక్టరు ఇరవై రెండో నంబరు దగ్గరికి పోయాడు. దాని ఒంటేలు చుక్క తీసి, ఒక చిన్న గొట్టం మీద వేసి, కన్ను పెట్టి చూశాడు. ఎంత చిక్కగా ఉందో ఆ గొట్టంలో అంకె కనిపిస్తుందట. సంచిలోనే ఉంటుంది. పద్నాలుగు నుంచి ఇరవై రెండుకి ఎనిమిది గదులు. ఎనిమిది గదులు వెనక్కి నడవలేకపోయాడు.

మాస్టారితో అన్నాను: "మీరు గేటు తొయ్యడం నేను చూశాను."

"చూస్తే అప్పుడే ఎందుకు రాయలేదు?"

ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు, ఈయనకి ఈయన పేరు బాగుంటే చాలు.

12, బుధవారం

బావ ఒంటేలు పరీక్ష చేసే కాగితం పట్టీలు నాలుగు తెచ్చిచ్చాడు. "కుక్కకేనా, నీకా?" అన్నాడు. అక్క వీపు మీద ఒకటిచ్చింది, బావకే.

బొగ్గుగాడు కాలెత్తినప్పుడు గాజుగ్లాసు పట్టాను. వాడు సిగ్గుపడి పక్కకి తిరిగాడు. నేనూ తిరిగాను. మాస్టారు చూసి నవ్విన నవ్వుకి కుర్చీలోంచి పడినంత పనైంది. గ్లాసులో ఉన్నది ఒంటేలంటే ఎవరూ నమ్మరు. మంచినీళ్లలా ఉంది. పట్టీ రంగు మారలేదు. చక్కెర లేదు. షుగరు కాదు.

రాత్రి పన్నెండు గంటలు నీళ్లు తాగని కుక్కకి ఒంటేలు తేనె రంగులో ఉండాలి. వీడిది నీళ్లు. కబురు అందడం లేదు.

మందుంది. అదే నాకు పిచ్చెక్కిస్తోంది. మందుంది! ఆ హార్మోనులాంటిదాన్నే తయారుచేసి అమ్ముతారు. మనుషులకి ముక్కులో వేసే చుక్కలు. కుక్కలకైతే కంట్లో వేస్తారట, రోజుకి ఒకటి రెండుసార్లు. వాడి జబ్బు అదే అయితే వారం తిరక్కుండా దాహం దిగిపోతుంది. అది కాకపోతే దిగదు, అప్పుడు ఇంకేదో అని తెలుస్తుంది. మందే పరీక్ష.

"బావా, మీ షాపులో ఉందా?"

"ఉంది. ఫ్రిజ్‌లో ఉంటుంది. చీటీ ఉంటేనే ఇస్తాం."

"ఒక్క సీసా."

"మరదలా, నువ్వు నా ప్రాణం అడుగు, ఇస్తాను. చీటీ లేకుండా హార్మోను అడక్కు. ఎక్కువైతే నీళ్లు బయటికి పోక మెదడు వాస్తుంది. అప్పుడు నువ్వే నన్ను కరుస్తావు."

చేతులు కట్టుకుని కూర్చున్నాను. బావ చెప్పింది నిజమే. పుస్తకంలోనూ ఉంది. బావ చెప్పింది నిజమవడం కూడా కోపంగానే ఉంది.

చీటీ రాయాల్సింది డాక్టరు. గురువారం గ్లాసుతో నిలబడతాను. చూడక ఎక్కడికి పోతాడు?

13, గురువారం

నిలబడ్డాను. ఈసారి కూర్చున్నాడు. అలసిపోయి ఉన్నాడు, ప్యాంటుకి ఎక్కడిదో పేడ అంటుకుని ఉంది. గ్లాసు వంక చూశాడు. నేను చెప్పేది మొత్తం విన్నాడు, మధ్యలో నవ్వలేదు.

"రోజుకెన్ని నీళ్లు తాగుతున్నాడు?"

"చాలా అండీ."

"చాలా అంటే అంకె కాదమ్మా. గదుల పుస్తకం తీసుకురా."

తెచ్చాను. ఎంత బుద్ధిలేనిదాన్నంటే, పరుగెత్తి తెచ్చాను.

పద్నాలుగో నంబరు పేజీ తీశాడు. నీళ్లు: రెండు లీటర్లు. దాని కింద రెండు చిన్న గీతలు. పై మాదిరే. దాని కింద రెండు గీతలు. పై మాదిరే. పేజీ తిప్పాడు. రెండు లీటర్లు, గీతలు, గీతలు. ఆరోగ్యం: బాగుంది. గీతలు. రెండు నెలలు వెనక్కి తిప్పాడు. గేటు తగిలిన రోజు మీద వేలు పెట్టాడు. ఏ రోజో ఆయనకి తెలీదు, నాకు తెలుసు. బాగుంది. గీతలు.

"ఈ చేతిరాత ఎవరిది?"

తేలు కుట్టిన దొంగ మాట్లాడతాడా?

"ఆ మధ్య వీడు పడిపోయిన రోజు చూడు. ఆరోగ్యం బాగుంది. నీళ్లు రెండు లీటర్లు." ఈ వారం వరసకొచ్చాడు. "ఇవాళ గురువారం. ఆదివారం ఇంకా రాలేదు కదమ్మా. ఆదివారం కూడా రెండు లీటర్లే తాగాడా?"

ఇక్కడ అందరూ అలాగే చేస్తారు. సోమవారం అంకె వేస్తాం, వారమంతా గీతలు లాగేస్తాం. నాకు నేర్పినవాళ్లు అలాగే నేర్పారు. ముప్పై గదులు, ఇద్దరు మనుషులు. ఇవన్నీ చెప్పొచ్చు. చెప్పలేదు.

"నీళ్లు మామూలుగా తాగే కుక్క తడుపుతోందంటే అలవాటనే కదా నేననుకునేది? ఈ పుస్తకం చూసే బంద్ పెట్టాను. ఇప్పుడు నీ నోరు నమ్మాలా, నీ చెయ్యి నమ్మాలా?"

లేచి వెళ్లిపోయాడు. గొట్టం సంచిలోనే ఉంది. గ్లాసు నా చేతిలోనే ఉంది.

14, శుక్రవారం

పై మాదిరే.

15, శనివారం

నిన్న ఆ రెండు మాటలు రాసి పెన్ను విసిరేశాను. ఇవాళ రాయాల్సింది ఉంది.

పొద్దున్న తాత డ్యూటీ దిగే వేళకి ఆయన గది మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఏడవడం లేదని చెప్పాను.

"ఏడుపు కాకపోతే కళ్లలో ఏంటమ్మా అది?"

"ఒంట్లో నీళ్లెక్కువయ్యాయి తాతా."

"అయితే ఆ పద్నాలుగోవాడికి పొయ్యి, వాడికి తక్కువ."

మొత్తం చెప్పాను. ఫిర్యాదు, గీతలు, ఆదివారం. తాత లేచి, "ఇటు రా" అని గది వెనక్కి తీసుకెళ్లాడు.

గోడ నిండా బొగ్గుతో గీతలు. నిలువు గీతలు, వరసలు వరసలు.

"ఏంటివి?"

"ఒక్కో గీత ఒక్కో మగ్గు. రాత్రి తిరిగేటప్పుడల్లా వాడికి పోస్తున్నాను."

దగ్గరికెళ్లి ఒక గీత మీద వేలు పెట్టాను.

"గేటు తగిలింది చూడు, మర్నాటి నుంచీ రాత్రిళ్లు గిన్నె ఖాళీ చేసి నా కోసం మొరగడం మొదలెట్టాడు. నాకు అక్షరం ముక్క రాదు కదా. ఎన్ని పోశానో మర్చిపోతానని గీసుకున్నాను. ఇదిగో, ఇక్కడ రెండు, మూడు. ఇక్కడ ఐదు. గిన్నె తీసేశాక ఆరు, ఏడు. ఏనుగు దాహానికి చూరు నీళ్లలాగ, ఎన్ని పోసినా చాలదు వాడికి."

చివర్నుంచి వెనక్కి లెక్కపెట్టాను. ఒక్క చోట వరస ఖాళీ. ఐదో తేదీ రాత్రి. తాత సెలవు రోజు. మర్నాడే వాడు గోడ నాకింది.

"ఇన్ని రోజులూ చెప్పలేదేం తాతా?"

"నీకు చెప్తే రాసేస్తావని. రాస్తే నా ఉద్యోగం పోతుందని."

నేనా? రాయడమా? నవ్వొచ్చింది, ఆగలేదు. అక్షరం రాని ఆయన గీసిన గీత ఒక్కొక్కటీ ఒక మగ్గు. చదువుకున్న నేను గీసిన గీతల్లో చుక్క నీళ్లు లేవు.

ఇవాళ్టి నుంచి గిన్నె తియ్యను. పగలు నేను గీతలున్న బకెట్‌తో కొలుస్తాను, రాత్రి తాత మగ్గుతో కొలుస్తాడు. ఆ మగ్గులో ఎన్ని పడతాయో కొలిచాను. సరిగ్గా ఒక లీటరు.

నాకు కుక్కలంటే

16, ఆదివారం

పగలు రెండు లీటర్ల నాలుగు వందలు. రాత్రి ఏడు మగ్గులు. మొత్తం తొమ్మిది లీటర్ల నాలుగు వందలు. సెలవు రోజైనా వెళ్లాను. అక్క అడిగితే కోపంగా ఉందన్నాను. "కోపమైతే మనిషి ఇంట్లో కూర్చుంటుంది, డ్యూటీకెళ్లదే" అంది.

17, సోమవారం

తొమ్మిది లీటర్ల ఆరు వందలు.

డాక్టరు రాలేదు. వేరే చోట దూడలకేదో వచ్చిందట. గురువారమే వస్తాడు. మేనేజరు బోర్డు మీద రాశాడు: "14 – గురువారం, సాయంత్రం 4." ఎందుకో రాయలేదు. రాయనక్కర్లేదు. గోడౌన్ వాళ్లకి ఏడో నంబరుని చూపిస్తారట.

"సార్, అది జబ్బు. మందుంది."

"డాక్టరు రాసిచ్చాడా?"

"ఇంకా లేదు."

"మరి?"

మాస్టారు బోర్డు వంక చూస్తూ నిలబడ్డాడు. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. సాయంత్రం నేను బట్టలు మార్చుకుని వచ్చేసరికి పద్నాలుగు ముందు నిండు బకెట్ ఉంది. ఆయనే తెచ్చి పెట్టాడట. తాత చెప్పాడు.

18, మంగళవారం

తొమ్మిది లీటర్ల ఐదు వందలు.

డాక్టరు ఇంటి చిరునామా మేనేజరు బల్ల మీది కాగితం చూసి రాసుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం భోజనం మానేసి ఉత్తరం రాసి, నేనే వెళ్లి ఆయన తలుపు సందులోంచి తోసి వచ్చాను. అందులో ఏం రాశానో గుర్తుండాలి కాబట్టి ఇక్కడ కూడా రాసుకుంటున్నాను, ఒక్క ముక్క మార్చకుండా.

"డాక్టర్ గారూ,

పద్నాలుగో నంబరు కుక్కకి అన్యాయం జరిగింది. చేసినవాళ్లలో మొదటిదాన్ని నేను.

నడుం నొప్పితో ఫిర్యాదు రాసింది నేను. కొలవకుండా రెండు లీటర్లని రాసింది నేను. గేటు తలకి తగలడం కళ్లారా చూసి 'బాగుంది' అని గీతలు గీసింది నేను. మీరు నా చేతిని నమ్మారు. అది మీ తప్పు కాదు. కానీ వాడు పడిపోయిన తర్వాత కూడా చుక్క పరీక్షించకపోవడం మీ తప్పు. నావి మూడు, మీది ఒకటి. అంతకంటే తగ్గించలేను.

దీంతో మూడు కాగితాలున్నాయి. మొదటిది, శనివారం పొద్దున్నుంచి మూడు రోజులు గిన్నె తియ్యకుండా కొలిచిన అంకెలు. కుక్క బరువు ఇరవై ఎనిమిది కిలోలు. కిలోకి వంద మిల్లీలీటర్లు దాటితే జబ్బేమో చూడాలని మీ పుస్తకాల్లోనే ఉంది. వీడు మూడు వందలు దాటాడు. రెండోది, రాత్రి కాపలాదారు గోడ మీద గీసుకున్న లెక్క, రెండు నెలలది, నేను ఎక్కించాను. అది ఏ రోజు మొదలైందో చూడండి. ఆయన పేరు ఎవరికీ చెప్పొద్దు. మూడోది, శిక్షకుడు తన చేత్తో రాసిన రెండు వాక్యాలు. ఆ రోజు గేటు తగిలిందని. నిన్న సాయంత్రం నేను అడక్కుండానే ఇచ్చారు.

గదుల పుస్తకంలో పద్నాలుగో పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, 'ఈ అంకెలు అబద్ధం' అని రాసి సంతకం పెట్టాను. మేనేజరు గారు చూస్తే నా ఉద్యోగం ఉండదు. చూస్తారు.

నాది పొరపాటు కావచ్చు. వాడిది ఇంకేదో జబ్బు కావచ్చు. అప్పుడు ఆ మాట మీరే చెప్పండి, పరీక్ష చేసి. ఆ చిన్న గొట్టం మీద ఒక్క చుక్క. నీళ్లలా ఉంటే కంటిచుక్కల చీటీ రాయండి. ఏడు రోజులు. నీళ్లు నేను కొలుస్తాను, ప్రతి రోజూ వేరే అంకె వేస్తాను.

గురువారం నాలుగింటికని బోర్డు మీద రాశారు. మీ జవాబు బుధవారం సాయంత్రం ఐదులోపు కావాలి. గేటు దగ్గర చెప్పినా చాలు, కబురు నాకు అందుతుంది. అందకపోతే గురువారం మీరు సూదితో వచ్చేసరికి నేను పద్నాలుగో గది లోపల ఉంటాను, గొళ్లెం లోపల్నుంచి వేసుకుని, నిండు గిన్నె పక్కన. వాణ్ని ముట్టుకునే ముందు ఆ చుక్క నా ఎదురుగా చూడాల్సి ఉంటుంది. బుధవారం, ఐదు."